పాత నికాన్ నిక్కోర్ లెన్సు, డిజిటల్ కెమెరా మీటరు

నికాన్ సంస్థ 1959లో ప్రవేశపెట్టిన ఎఫ్ మౌంటును (లెన్సును కెమెరాకు బిగించే అమరికను) డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లలోనూ కొనసాగించడం వల్ల, 1977లో వచ్చిన ఏఐ (ఆటో ఇండెక్సింగ్) రకం మాన్యువల్ ఫోకస్ లెన్సులు నేటికీ వాటికి చక్కగా అమరుతాయి. అమరినంత మాత్రాన కెమెరా వెలుతురును కొలుస్తుందని అనుకోరాదు. నికాన్ డి7200 కెమెరాలో మౌంటు అంచున ఉండే చిన్న మీట లెన్సు అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) రింగు కదలికను గ్రహిస్తుంది కనుక, మెనూలో లెన్సు ఫోకల్ లెంగ్త్, గరిష్ఠ అపర్చర్ నమోదు చేస్తే ఏ (అపర్చర్ మనం, షట్టర్ వేగం కెమెరా ఎంచుకునేది), ఎం (రెండూ మనమే ఎంచుకునేది) మోడ్‌లు రెండింటిలోనూ వెలుతురు కొలిచే మీటరు పనిచేస్తుంది. డి5300లో ఆ మీట లేదు. ఎం మోడ్ ఒక్కటే దిక్కు, అందులోనూ మీటరు పలకదు. డి7200 తరువాత వచ్చిన డి7500లోనూ ఆ మీటను తొలగించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1977కు ముందరి, ఏఐ రకంగా మార్పు చేయని లెన్సులను మాత్రం డి7200కు బిగించకూడదు, మీట దెబ్బతినవచ్చు.

మీటరు లేనిచోట, నిండు ఎండలో అపర్చర్ ఎఫ్/16, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/125 సెకనుతో మొదలుపెట్టి, హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగునీడల గ్రాఫు) కుడి అంచుకు గుద్దుకుంటే షట్టర్ వేగం పెంచాలి. నీడలోకి వెళితే అపర్చర్‌ను ఎఫ్/5.6 వరకు తెరవవలసి ఉంటుంది.

ఫోకస్ ఇంతకన్నా కష్టం. ఆటోఫోకస్ కాలపు వ్యూఫైండర్ తెర ప్రకాశం కోసం తయారైనది కాబట్టి, ఎఫ్/1.8 వద్ద ఫోకస్ కొద్దిగా తప్పినా కంటికి స్పష్టంగానే కనిపిస్తుంది. ఫోకస్ కుదిరినప్పుడు వ్యూఫైండర్‌లో వెలిగే ఆకుపచ్చ చుక్క కొంత సాయపడుతుంది. కెమెరా స్టాండు మీద ఉంటే లైవ్ వ్యూలో (వెనుక తెరపై) దృశ్యాన్ని పెద్దది చేసి ఫోకస్ రింగు తిప్పడమే నమ్మదగిన పద్ధతి.