వాన కోసం ఊరేగింపు, మీగడ తీసే యంత్రం

ఇంటి పనులు ముగించుకొని ఈ రోజు మధ్యాహ్నం సోవియట్ దర్శకుడు ఐసెన్‌స్టీన్ తీసిన ‘పాతది, కొత్తది’ అనే 1929 నాటి మూకీ చిత్రం చూశాను. అందులో కరవు ఘట్టం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. మతాచార్యుల వెంట రైతులు పటాలూ పతాకాలూ మోసుకుంటూ వాన కోసం ఊరేగింపుగా వస్తారు, దుమ్ములో మోకరిల్లి నుదురు నేలకు ఆనిస్తారు, మధ్యమధ్య దాహంతో రొప్పుతున్న గొర్రెలు కనిపిస్తాయి. వాన పడదు. ఆ తరువాత సహకార సంఘంలో మీగడ తీసే యంత్రం తిరుగుతుంది, అనుమానంగా చూస్తున్న ముఖాలు వెలుగుతాయి.

ప్రార్థన ఫలించలేదనీ యంత్రం ఫలించిందనీ చెప్పడమే దర్శకుని ఉద్దేశం. అయితే కప్పతల్లిని ఊరేగించి నీళ్లు పోసే పల్లెల గురించి విన్న నాకు, ఆ దుమ్ములోని ముఖాలను చూసి నవ్వాలనిపించలేదు. వారి ఆర్తిని కెమెరా ఎంత దగ్గరగా పట్టుకున్నదంటే, ఎగతాళి చేయబోయిన దృశ్యమే వారి పక్షాన సాక్ష్యం చెబుతున్నది. పైగా ఆ పారవశ్యాన్ని చిత్రం తోసిపుచ్చలేదు, యంత్రానికి అప్పగించింది. తొలి మీగడ చుక్క కోసం కథానాయిక, రైతు మహిళ మార్ఫా ఎదురుచూసే తీరు భక్తురాలి ఎదురుచూపే.

ఇది యాదృచ్ఛికం కాదనుకుంటాను. జనాన్ని చర్చికి రప్పించేది విశ్వాసం కన్నా అలవాటూ, అక్కడి వేడుకా అనీ, వాటితో పోటీ పడగలది సినిమాయే అనీ 1923లోనే సోవియట్ నాయకుడు ట్రాట్‌స్కీ పార్టీ పత్రిక ‘ప్రావ్దా’లో రాశాడు. ఐసెన్‌స్టీన్ తన ‘అక్టోబర్’ చిత్రంలో క్రీస్తు విగ్రహంతో మొదలుపెట్టి, రకరకాల దేవుళ్లను వరుసగా చూపి, మొరటు చెక్కబొమ్మ దాకా దించిన కూర్పు తెలివైనదే గాని, నా దృష్టిలో అది విశ్వాసిని తాకదు. ఊరేగింపు తాకుతుంది.

నన్ను బాధించేది మరొకటి. తెర మీద ఈ వాదన సాగుతున్న 1929లోనే, ఏప్రిల్‌లో వచ్చిన సోవియట్ చట్టం మత సంఘాలను ఆరాధనకే పరిమితం చేసి, వాటి సేవా, బోధనా కార్యక్రమాలను నిషేధించింది. సామూహిక వ్యవసాయం ఊపందుకున్న కొద్దీ పల్లెల్లో చర్చిలు మూతపడ్డాయి, గంటలు దింపారు, మతాచార్యులను అరెస్టు చేశారు. ఒప్పించడానికి పుట్టిన కళ పక్కనే బలప్రయోగం నిలబడినప్పుడు, ఆ రైతు తన మనసు మార్చుకున్నాడో, భయపడి మౌనం వహించాడో చిత్రం చూసి తేల్చలేము. రేపు మరో సోవియట్ దర్శకుడు వెర్తోవ్ తీసిన ‘ఉత్సాహం’ చూడాలి. అందులో చర్చి శిఖరం నుంచి శిలువను తీసేసి, ఆ భవనాన్ని కార్మికుల క్లబ్బుగా మారుస్తారు.