తలంబ్రాల పరీక్ష: నా అనిమే డీవీడీ బాక్సుల లెక్క

జూన్ 8

పాలకొల్లులో పదిహేనేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. ఒకప్పుడు సీజన్‌కి బ్లాంక్ డిస్కులు వందల్లో తెప్పించేవాణ్ని. ఇప్పుడు పెళ్లివాళ్లు పెన్‌డ్రైవ్‌లో వేసిమ్మంటున్నారు. డిస్కు రైట్ చేసే పాత డ్రైవు మాత్రం స్టూడియో కంప్యూటర్లో అలాగే ఉంది. దాన్ని ఉంచుకోవడానికి ఒకటే కారణం: 2004లో మన కేబుల్లోకి అనిమాక్స్ ఛానల్ వచ్చినప్పుడు పట్టుకున్న అనిమే పిచ్చి, అంటే జపాన్ కార్టూన్ సిరీస్‌ల పిచ్చి, ఇంకా వదల్లేదు.

ఇవాళ కొరియర్‌లో కౌబాయ్ బీబాప్ అనే అనిమే సిరీస్ పూర్తి సెట్టు వచ్చింది. 'ఇంపోర్టెడ్, సీల్డ్' అని పెట్టిన అమ్మకందారు దగ్గర రూ. 2,600కి ఆన్‌లైన్లో కొన్నాను. అట్టపెట్టె చూస్తే కళ్లు చెదిరాయి. బంగారు రంగు అక్షరాలు, మెరిసే కాగితం, లోపల చిన్న పుస్తకం. డిస్కులు తిప్పి చూశాను. అడుగున వెండి రంగు. హమ్మయ్య అనుకున్నాను. మేం రైట్ చేసే డిస్కుల అడుగు ఊదా రంగులోనో నీలంగానో ఉంటుంది, అది లోపలి రంగుపొర వల్ల వస్తుంది. ఫ్యాక్టరీలో అచ్చుపోసినవి వెండిలా ఉంటాయి. వెండి అంటే అసలుదే కదా అని రాత్రి సుఖంగా పడుకున్నాను.

జూన్ 11

సుఖం మూడు రోజులే.

బాక్సు వెనక చిన్న భూగోళం బొమ్మలో అంకె ఉండాలి. అది రీజియన్ కోడ్, డిస్కు ఏ దేశాల్లో ఆడాలో చెబుతుంది. అమెరికా డిస్కు అయితే 1, జపాన్ అయితే 2, హాంకాంగ్, తైవాన్ వైపు 3, ఆస్ట్రేలియా 4, మనది 5, చైనా 6. దీని మీద 'ఆల్' అని ఉంది. ఎక్కడైనా ఆడాలని కంపెనీయే అలా తీసే డిస్కులు కొన్ని ఉంటాయి కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. కానీ వెనక అమెరికా కంపెనీ గుర్తు ముద్రించి, పక్కనే 'ఆల్' అని వేస్తే అనుమానం రావాల్సిందే.

తర్వాత భూతద్దం తీశాను. కెమెరా సెన్సర్ మీద దుమ్ము చూసుకునేది. డిస్కు మధ్య చిల్లు చుట్టూ అద్దంలా ఒక పట్టీ ఉంటుంది. ఫోన్ టార్చ్ అడ్డంగా పట్టి, డిస్కుని మెల్లగా తిప్పుతూ చూడాలి. నిటారుగా లైటు వేస్తే మెరుపు తప్ప ఏమీ కనపడదు. పేరున్న ఫ్యాక్టరీలో అచ్చుపోసిన డిస్కు అయితే ఆ పట్టీలో ఐఎఫ్‌పీఐ (రికార్డింగ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం) అన్న అక్షరాలు, పక్కన ఎల్ తో మొదలయ్యే చిన్న కోడ్ ఉంటాయి. చిల్లుకి ఇంకా దగ్గరగా, ప్లాస్టిక్‌లోనే ఒత్తినట్టు రెండో కోడ్ ఉంటుంది, అది అచ్చుదిమ్మ గుర్తు. మొదటిది గాజు మాస్టర్, అంటే అచ్చుకి మూలమైన గాజు పలక, ఎక్కడ తయారైందో చెబుతుంది, రెండోది డిస్కు ఎక్కడ అచ్చయిందో చెబుతుంది.

నా డిస్కుల్లో రెండూ లేవు. వరసగా ఏవో అంకెలున్నాయి, వాటి పక్కన గీకినట్టు ఒక మచ్చ. మూడు డిస్కులదీ ఇదే కథ.

అంటే వెండి రంగు చూసి మోసపోయాను. దొంగ సరుకు అమ్మేవాళ్లు కూడా వేలల్లో అమ్మేటప్పుడు అచ్చే పోయిస్తారు. ఊదా రంగు ఉంటే అది రైట్ చేసిందని గ్యారంటీగా చెప్పొచ్చు. వెండి రంగు ఉంటే మాత్రం అసలుదని చెప్పలేం. ఇంకో సంగతి కూడా రాసుకోవాలి: కాస్త పసుపు, బంగారు ఛాయ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. రెండు పొరల డిస్కుల్లో పైపొర అలాగే ఉంటుంది.

ఇక లెక్క. మొదట చేయాల్సిన పని ఇదే, నేను ఆఖరికి చేశాను. మొత్తం 26 ఎపిసోడ్లు, మూడు డిస్కులు. డిస్కుకి తొమ్మిది వేసుకుంటే ఒక్కోటి 24 నిమిషాలు, మొత్తం 216 నిమిషాలు. డిస్కు ఒకే పొరది, 4.7 జీబీ. సెకనుకి 2.9 మెగాబిట్ల డేటా వస్తుంది. దీన్నే బిట్‌రేట్ అంటాం, ఇది తగ్గేకొద్దీ బొమ్మ చెడుతుంది. రెండు భాషల సౌండు తీసేస్తే బొమ్మకి మిగిలేది రెండున్నర. డీవీడీలో బొమ్మకి 9.8 దాకా ఇవ్వొచ్చు. గంటన్నర పెళ్లిని ఒక డిస్కులో పెట్టేటప్పుడు నేనైతే ఆరుకి తగ్గనిచ్చేవాణ్ని కాదు. "బాబూ, అంతా ఒక్క డిస్కులోనే సర్దెయ్యండి, రెండో దానికి డబ్బులెందుకు" అనే పెళ్లికూతురి తండ్రులు నాకు కొత్త కాదు. వాళ్ల సినిమా ఎలా వచ్చేదో కూడా తెలుసు.

జూన్ 15

పెళ్లి వీడియోలో డిస్కు దొరికిపోయేది ఎక్కడో స్టూడియోలో ఎవర్నడిగినా చెబుతారు: తలంబ్రాలు. అప్పటిదాకా అంతా బాగానే ఉంటుంది. పురోహితుడు కూర్చునే ఉంటాడు, మండపం కదలదు, అమ్మాయి తల వంచుకునే ఉంటుంది. కదలని దానికి బిట్లు ఖర్చు కావు. తలంబ్రాలు మొదలయ్యాక గింజగింజా ఒక్కో దిక్కుకి పోతుంది, వెనక పట్టుచీర మెరుపు, మధ్యలో పూలరేకులు. బిట్లు చాలని డిస్కులో ఆ క్షణానికి పెళ్లికూతురి ముఖం చదరపు గడులుగా విడిపోతుంది. అత్తగారు ఫోన్ చేసేదీ ఆ సీను గురించే.

అందుకని అనిమేలోనూ తలంబ్రాల సీనే వెతుక్కుంటాను. వాన, మంచు, రాలే పూలు, పగిలే అద్దం, సిగరెట్ పొగ. ఈ సిరీస్‌కైతే వెతకక్కర్లేదు. మొదటి ఎపిసోడ్ మొదలయ్యేదే రంగు తగ్గించిన పాత జ్ఞాపకంతో. వాన, నీటిగుంటలో ఎర్ర గులాబీ. అయిదో ఎపిసోడ్‌లో చర్చి కిటికీ రంగుటద్దం బద్దలవుతుంది.

లైట్లు ఆపి, కిటికీకి దుప్పటి కట్టి చూశాను. గులాబీ అంచు చుట్టూ దోమలు ముసిరినట్టు చిన్న చుక్కలు ఆడుతున్నాయి. చీకటి గోడ నునుపుగా ఉండాల్సింది, కొండవాగు ఒడ్డులా మెట్లు మెట్లుగా ఉంది. అద్దం బద్దలైన చోట ఒక అరసెకను పాటు బొమ్మే లేదు, గడులే ఉన్నాయి.

ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ సంగతి: నా ఇంగ్లీషు అంతంతమాత్రం. నాకే తప్పులు కనపడ్డాయంటే ఇంక చెప్పేదేముంది. జపాన్ పేర్లున్న సిరీస్‌లలో దీన్ని పట్టడం ఇంకా తేలిక. ఒకే అక్షరాల్ని జపాన్‌వాళ్లు ఒకలా, చైనావాళ్లు ఒకలా చదువుతారు. మనిషి నోటివెంట 'తనకా' అని వినిపిస్తూ, కింద 'తియన్‌జోంగ్' అని పడితే అది చైనీస్ తర్జుమా నుంచి ఇంగ్లీషులోకి దించిన దొంగ డిస్కే.

అమ్మకందారుకి రాశాను. 'ఓపెన్ చేసిన సీల్ వాపసు తీసుకోం' అని జవాబు. సీల్ తీయకుండా డిస్కు ఎలా చూడాలో ఆయన చెప్పలేదు.

జులై 2

డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. పోయినసారి వెళ్లేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు, ఆవకాయ కట్టి పంపాం. ఈసారి వస్తూ నాకోసం అక్కడి పాత సామాన్ల కొట్లో అదే సిరీస్ అసలు సెట్టు పట్టుకొచ్చాడు.

"ఏరా, ఇంత ముసలిదాని కోసమా నన్ను మూడు కొట్లు తిప్పావు?" అన్నాడు. నిజమే, చూడగానే నాకూ ఉసూరుమంది. అట్ట మూల నలిగింది. ఎవరో ధర స్టిక్కర్ పీకితే కాగితం లేచిపోయింది. ఒక డబ్బా పిన్ను విరిగి డిస్కు లోపల గలగలమంటోంది. వదిన అయితే, "మరిదిగారూ, బ్యాగులో దీని బదులు ఇంకో రెండు కిలోలు బాదంపప్పు పట్టేది" అంది.

మధ్య పట్టీ చూశాను. ఆరు డిస్కులకీ ఐఎఫ్‌పీఐ కోడ్ ఉంది, అచ్చుదిమ్మ గుర్తూ ఉంది. భూగోళంలో 1. డిస్కుకి నాలుగైదు ఎపిసోడ్లే.

ఇలాంటివి ఎందుకు కరువయ్యాయంటే, అమెరికాలో వీటిని తీసిన కంపెనీలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. జెనియన్ 2007లో ఆపేసింది, ఏడీవీ 2009లో పోయింది, బండాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ 2012లో కొత్త డిస్కులు మానేసింది. కొన్ని సిరీస్‌లు వేరే కంపెనీల చేతికెళ్లి మళ్లీ వచ్చాయి, కొన్ని రాలేదు. అసలుది దొరకని చోటే మెరిసే పెట్టెలవాడికి బేరం. నేరుగా జపాన్‌వి కొందామంటే అక్కడ డిస్కుకి రెండు మూడు ఎపిసోడ్లే, ధర వేలల్లో, చాలావాటికి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ కూడా ఉండవు.

జులై 6

ఒకే సీను, రెండు సెట్లు. కంప్యూటర్లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో కంట్రోల్, జే కలిపి నొక్కితే బిట్‌రేట్ కనపడుతుంది. అసలు సెట్టులో దాదాపు రెట్టింపు. అంకె పక్కన పెడితే, గులాబీ రేకు అంచు బ్లేడుతో కోసినట్టుంది. గోడ మీద చేత్తో వేసిన రంగు గరుకు కూడా కనపడింది. దానిమీద సన్నటి చుక్కలూ కనపడ్డాయి. అవి మచ్చలు కాదు, ఫిల్ము గింజ, అంటే ఫిల్ముకి సహజంగా ఉండే గరుకు. దొంగ సెట్టులో ఆ గింజ మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. కొత్తగా చూసేవాళ్లు దాన్నే 'క్లీన్‌గా ఉంది' అనుకుంటారు. మా మేనల్లుడు అలాగే అన్నాడు. "మామయ్యా, ఇదే నీట్‌గా ఉంది కదా" అని దొంగదాన్ని చూపించాడు. అద్దం పగిలే సీను రెండుసార్లు చూపించాక ఒప్పుకున్నాడు. తర్వాత, "ఫోన్లో అయితే ఇంకా బాగుంటుంది" అని వెళ్లిపోయాడు.

డ్రైవు గురించి ఒక హెచ్చరిక. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ అయిదుసార్లే మార్చుకోనిస్తుంది, ఆ తర్వాత చివరిదానికే బిగిసిపోతుంది. నేను రెండు వాడేశాను. ఇంట్లో ఉన్న లోకల్ ప్లేయర్‌కి ఆ పట్టింపు లేదు, ఏది పెట్టినా ఆడేస్తుంది.

జులై 27

గోదారికి ఎర్రనీళ్లు వచ్చాయి. లంకల్లో పెళ్లి ఆర్డరు ఒకటి వాయిదా పడింది. ఖాళీగా కూర్చుని, మెల్‌బోర్న్‌లో చదువుకునే మా అసిస్టెంట్ తమ్ముడు పంపిన ఇంకో సిరీస్ తీశాను. నా అహంకారం దిగిపోయింది దీనితోనే.

అన్ని గుర్తులూ ఉన్నాయి. ఐఎఫ్‌పీఐ, రీజియన్ 4, మంచి కాగితం, డిస్కుకి అయిదు ఎపిసోడ్లు. అనుమానమే లేదు, అసలుదే. బొమ్మ మాత్రం బాలేదు.

కారణం పట్టడానికి గంట పట్టింది. దేశాన్ని బట్టి టీవీ బొమ్మ పద్ధతి మారుతుంది. జపాన్, అమెరికాలది ఎన్‌టీఎస్‌సీ: 480 గీతలు, సెకనుకి 29.97 ఫ్రేములు. ఆస్ట్రేలియా, మనదీ పాల్: 576 గీతలు, 25 ఫ్రేములు. అమెరికా చుట్టాలకి పెళ్లి డీవీడీ పంపాలంటే నేనూ ఎన్‌టీఎస్‌సీలోకి మార్చిచ్చేవాణ్ని కాబట్టి ఈ బాధ పాతదే. 24 ఫ్రేముల బొమ్మని 25కి పరిగెత్తించి పాల్ చేస్తే నాలుగు శాతం వేగం పెరుగుతుంది, పాట శ్రుతి కాస్త పైకి లేస్తుంది. అది ఫర్వాలేదు, ఫ్రేములు శుభ్రంగానే ఉంటాయి. అలా కాకుండా తయారైన ఎన్‌టీఎస్‌సీ టేపునే పాల్‌లోకి మారిస్తే పక్కపక్క ఫ్రేములు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.

చూడటం తేలిక. కెమెరా పక్కకి జరిగే సీనులో పాజ్ చేసి, వీఎల్‌సీలో ఇంగ్లీషు 'E' అక్షరం నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ ముందుకి వెళ్లాలి. ఎన్‌టీఎస్‌సీ డిస్కుల్లో అయిదు ఫ్రేములకి మూడు శుభ్రంగా, రెండు దువ్వెన పళ్లలా కనిపించొచ్చు. దానికి మందు ఉంది, ప్లేయర్లో డీఇంటర్లేస్ అనే సెట్టింగు పెడితే పోతుంది. ఈ ఆస్ట్రేలియా సెట్టులో దువ్వెన లేదు, మనిషికి నీడలా ఇంకో మనిషి ఉన్నాడు. ఒక చెయ్యి ఉండాల్సిన చోట రెండు చేతులు, రెండూ సగం పారదర్శకంగా. దీనికి మందు లేదు.

నా రూ. 2,600 దొంగ సెట్టుని మళ్లీ పెట్టి ఇదే పరీక్ష చేశాను. గడులు గడులుగా ఉంది కానీ ఫ్రేములు దేనికది విడిగా ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మార్కు దానికే వేయాల్సి వచ్చింది, పళ్లు కొరుక్కుంటూ వేశాను. అందుకే నా నోట్‌బుక్కులో ఇన్నాళ్లూ ఒకటే ఉన్న గడిని రెండు చేశాను. ఒకటి 'అసలుదా', రెండోది 'బాగుందా'. మొదటిదానికి భూతద్దం చాలు. రెండోదానికి చీకటి గది, తలంబ్రాల సీను, ఫ్రేము ఫ్రేముగా చూసే ఓపిక కావాలి.

ఆగస్టు 17

వారం రోజులుగా ముసురు. బీరువాలో గుడ్డలే వాసన వస్తున్నాయి. డాలస్ సెట్టులో అయిదో డిస్కు చివరి ఎపిసోడ్ దగ్గర ఆగిపోయింది. అడుగున తెల్లగా, సాలెగూడులా సన్నటి బూజు. లెన్సులకి పట్టేదే.

కంప్యూటర్లో నీరో డిస్క్‌స్పీడ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి స్కాన్ చేశాను. నా పాత లైట్‌ఆన్ డ్రైవు తప్పుల లెక్క చెబుతుంది, అన్ని డ్రైవులూ చెప్పవు. డిస్కు చదివేటప్పుడు దొర్లే తప్పుల్ని పీఐ తప్పులంటారు, అవి 280 దాటకూడదన్నది ప్రమాణం. లోపలి నుంచి మూడు వంతుల దాకా 20, 30 మధ్య నడిచిన పీఐ గీత, అంచు దగ్గర 900కి లేచింది.

మామూలు నీళ్లు, ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్. నాన్నగారి పాత పంచె ముక్క. మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి, గుండ్రంగా తిప్పితే గీత పడ్డప్పుడు డేటా వరసే పోతుంది. ఫ్యాను కింద ఆరబెట్టాను, ఎండలో పెట్టకూడదు. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్లలు రెండు అతికించింది. వేడికి వంగితే, అంచు అతుకు విడితే లోపలికి తేమ పోతుంది, తర్వాత ఏ పంచె ముక్కా పనిచేయదు.

మళ్లీ స్కాన్: అంచు దగ్గర 110. ఎపిసోడ్ ఆగకుండా ఆడింది. ఆరు డిస్కుల్నీ లెన్సులుండే ప్లాస్టిక్ డబ్బాలోకి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాల మధ్యకి మార్చాను. అట్టపెట్టె మాత్రం పట్టలేదు. దాన్ని దొంగ సెట్టు డిస్కులకి ఇచ్చి, మెరిసే పెట్టెలో సిలికా జెల్ స్టాకు పోశాను.