సన్నాయికి ట్యూనర్ పెట్టిన పాపానికి

మా బ్యాండు రెండో ఆల్బమ్ మాస్టర్ ఫైళ్లు, అంటే విడుదలకి సిద్ధమైన ఫైళ్లు, నిన్న రాత్రి వచ్చాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మొదటి ఆల్బమ్ సంగతి వదిలేయండి. ఎనిమిది పాటలు, అన్నిట్లోనూ ఒకటే డిస్టార్షన్, ఒకటే అరుపు. మా పిన్ని కొడుకే "అన్నయ్యా, ఏ పాట ఎక్కడ అయిపోయిందో తెలీలేదు" అన్నాడు. ఆ మాడిన మొహాలతోనే కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లాం. దేవుణ్ణి నిలబెట్టి అలంకరించిన పెద్ద ప్రభని భుజాల మీద మోసుకుంటూ కౌశిక నదిలోకి దిగుతున్నారు, గట్టు మీద డోలూ సన్నాయీ. యాంప్ లేదు, పెడల్ లేదు, అయినా చేలకి ఇవతల నిలబడ్డ నా గుండెల్లో మోగింది. కొత్త సౌండ్ కోసం ఐర్లాండ్ రాక్ బ్యాండు యూటూ (U2) వాళ్లు 1990లో బెర్లిన్ వెళ్లారు, మేం అంబాజీపేట వెళ్లాం. కొబ్బరి కొట్టు పైన కురిడీలు దాచే అటక ఖాళీగా ఉంటే అద్దెకి తీసుకుని, గోడలకి పీచు పరుపులు కట్టేశాం. పాటలు రెండు నెలల్లో తయారయ్యాయి, అదేం కష్టం కాలేదు.

పరువు పోయింది సన్నాయి తాతగారు వచ్చిన రోజున.

ఆయన కూర్చుని, సన్నాయి పీక (ఊదే పుల్ల) నోట్లో పెట్టి తడుపుకుని, ఒక్క స్వరం పట్టారు. నేను మహా తెలిసినవాడిలా, శ్రుతి సరిగ్గా ఉందో లేదో ముల్లుతో చూపించే ట్యూనర్ ముందు పెట్టి "తాతగారూ, కొంచెం పైకి రావాలండి, ముల్లు మధ్యలో నిలబడట్లేదు" అన్నాను. ఆయన సన్నాయి దించి ట్యూనర్ వంకా నా వంకా చూసి, "బాబూ, ఈ కర్రని కోసి అతికించలేను కదండీ. బిరడలున్నది మీ వాయిద్యానికి, ఆయ్" అన్నారు. డోలు ఆయన పకపకా నవ్వాడు. ఆయనది రెండున్నర శ్రుతి, అంటే మా లెక్కలో డి షార్ప్. గిటార్లు ఒక మెట్టు దించితే చాలనుకున్నాం, తీరా చూస్తే ట్యూనర్లు వాడే 440 హెర్ట్జ్ కొలతకి అదీ కూర్చోదు, వెంట్రుకవాసి కింద. ట్యూనర్ జేబులో పెట్టుకుని ఆయన సన్నాయికి చెవితో కలుపుకునేసరికి మధ్యాహ్నం దాటింది.

అంతటితో అయిందా! ఒక పాట ఏడు లెక్కలో ఉంది. "సెవెన్ బై ఎయిట్ నాకు నిద్రలో కూడా వచ్చు" అని ఊరంతా చెప్పుకునే మా డ్రమ్మర్, డోలు ఆయన అదే ఏడు లెక్క తాళం మిశ్రచాపు అందుకుని తకిట తకధిమి అని రెండు ఆవర్తాలు తిప్పేసరికి దారి తప్పాడు. వాళ్లతో వచ్చిన పదేళ్ల మనవడు తొడ మీద తాళం వేస్తూ "అన్నయ్యా, ఒకటి ఇక్కడ" అని చూపించాడు. ఆ పూట మావాడు బిర్యానీ ముట్టలేదు.

రాజమండ్రి స్టూడియోలో ఇంకో పుణ్యాత్ముడు సన్నాయి ట్రాక్‌కి స్వరాల్ని లాగి సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ తగిలించి "క్లీన్ చేశా బ్రో" అన్నాడు. స్వరాన్ని ఊపే గమకాలన్నీ ఇస్త్రీ చేసినట్టు చదునైపోయి, పాత ఫోన్ రింగ్‌టోన్‌లా తయారైంది. పాడుచేసిన గంటకీ డబ్బులే, దాన్ని తీసేసిన గంటకీ డబ్బులే. అందుకే చెప్తున్నా, చెవిలో టక్ టక్ మంటూ లయ చూపే క్లిక్ గిక్ లేకుండా ముందు సన్నాయి, డోలు రికార్డు చేసుకోండి, గిటార్లు తర్వాత. గిటారు మీద గాంధారం (గ) వదిలేసి షడ్జ పంచమాలే (స, ప) పట్టండి. మనం గాంధారాన్ని గిటారు మెట్టు (ఫ్రెట్) మీద బిగించి కూర్చుంటే సన్నాయి దాని చుట్టూ ఊగుతుంది, రెండూ కొట్టుకుంటాయి. ఇది కనిపెట్టింది నేనే, మా బ్యాండులో ఎవడూ ఒప్పుకోడు గానీ.

ఇక ఆల్బమ్ పూర్తయ్యాక కాపీరైట్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో మీరే పెట్టుకోండి, సౌండ్ రికార్డింగ్‌కి ఫీజు 2000 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి, మధ్యలో ఏజెంటు ఎందుకు దండగ.

రేపు పాలకొల్లులో రిసెప్షన్ ప్రోగ్రాం ఉంది, అన్నీ సినిమా పాటలే. గిటార్లు మళ్లీ 440కి బిగించాలి. తీగలు పాతబడ్డాయి, తెగకుండా ఉంటే చాలు.