సీజర్ 3 ఇప్పుడు ఆడొచ్చా?

1998లో ఇంప్రెషన్స్ గేమ్స్ తయారుచేయగా సియెర్రా విడుదల చేసిన, రోమన్ ఊళ్లు కట్టి నడిపే కంప్యూటర్ ఆట సీజర్ 3ని ఈ రోజుల్లో కొని ఆడటం దండగేమో అని అనుమానపడేవాళ్లకి చిన్న జవాబు: కాదు, కొనండి. కాకపోతే మొదటి నాలుగైదు గంటలు ఓపిక పట్టాలి. అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన సంగతిని ఈ ఆట సరిగ్గా చెప్పదు. ఊళ్లో గుడి ఉంటుంది, మార్కెట్ ఉంటుంది, ఖజానాలో డబ్బూ ఉంటుంది. అయినా ఇళ్లు గుడారాల స్థాయి దాటవు. తప్పు ఎక్కడుందో తెలియక చాలామంది అక్కడే వదిలేస్తారు. నూటికి తొంభై సార్లు తప్పు రోడ్డుదే.

నీళ్లనీ, పరిసరాల అందాన్నీ పక్కన పెడితే ఈ ఆటలో ఏ సేవా దానంతటదే చుట్టూ వ్యాపించదు. ఎవరో ఒక మనిషి దాన్ని మోసుకెళ్లాలి. గుడి నుంచి పూజారి, మార్కెట్ నుంచి సరుకులమ్మి, ప్రిఫెక్చర్ అనే కాపలా ఠాణా నుంచి మంటలార్పే ప్రిఫెక్ట్ బయల్దేరి రోడ్డు వెంట నడుస్తారు. దారికి రెండు గళ్ల (మ్యాపు మీది చదరాల) లోపున్న ఇళ్లకే ఆ సేవ అందుతుంది. ఒక ప్రిఫెక్ట్ మీద కన్నేసి ఉంచండి. నాలుగు రోడ్ల కూడలికి వస్తాడు. కుడివైపు గుడారాలకి నిప్పంటుకునే ప్రమాదం ఉందన్న పట్టింపు ఆయనకి లేదు. ఎడమవైపు ఖాళీ పొలాల్లోకి తిరిగి, అక్కడ కాసేపు షికారు చేసి, దగ్గరి దారిన ఇంటికొచ్చేస్తాడు. తర్వాతి విడతలోనూ అటే పోవచ్చు. ఈలోపు కుడివైపు వీధి తగలబడుతుంది. పక్కనే ప్రిఫెక్చర్ కట్టినా కాలిందేమిటని మీరు ఆటని తిట్టుకుంటారు.

అందుకే కూడళ్లు తగ్గించడమే మొదటి పాఠం. రోడ్డుని గడి గడిగా, పట్నం మ్యాపులా వేయకండి. దీర్ఘచతురస్రంగా ఒకే చుట్టు వేసి, దానికి రెండు పక్కలా ఇళ్లు పెట్టండి. సేవల భవనాలన్నీ ఆ చుట్టుకే ఆనుకుని ఉండాలి. కూడలి లేకపోతే వాకర్ (ఇలా సేవ మోసుకుని నడిచే మనిషి) ఎటు తిరగాలో తేల్చుకోవాల్సిన పనే ఉండదు, చుట్టూ తిరిగొస్తాడు. మరి ఆ పేటని బయటి ప్రపంచంతో కలిపే రోడ్డు? అక్కడ గేట్‌హౌస్, అంటే కోట ద్వారం, పెట్టండి. ఊరికే తిరిగే వాకర్లు దాన్ని దాటరు. పని మీద వెళ్లేవాళ్లు, అంటే సరుకు బండి తోసేవాడు, ధాన్యాగారానికి పోయే మార్కెట్ మనిషి, వలస వచ్చే కుటుంబం నిక్షేపంగా దాటిపోతారు. కోటగోడ కోసం పెట్టిన వస్తువుని ట్రాఫిక్ పోలీసులా వాడటం ఎబ్బెట్టుగా ఉంటుంది నిజమే. గేట్‌హౌస్ పక్కన ఇళ్ల అందం కూడా కాస్త దెబ్బతింటుంది కాబట్టి దాన్ని నాలుగైదు గళ్లు దూరం జరపండి.

ఇళ్లు పెరిగే వరస తొలి మెట్లలో సులువే. ముందు బావి నీళ్లు, తర్వాత మార్కెట్ నుంచి ఒక రకం తిండి, తర్వాత ఏదో ఒక దేవుడి గుడి, ఆ తర్వాత ఫౌంటెన్. ఫౌంటెన్‌కి నీళ్లు రావాలంటే రిజర్వాయర్ (నీటి తొట్టి) పది గళ్ల లోపుండాలి. ఏటి ఒడ్డున ఒక రిజర్వాయర్, ఊరి మధ్యలో ఇంకొకటి, రెంటికీ నడుమ నీళ్లు మోసే కాలువ, ఆక్విడక్ట్. మొదట పేట ఎక్కడో తేల్చుకుని నీళ్లు తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆక్విడక్ట్‌కి దారి దొరక్క కట్టిన ఇళ్లు కూల్చుకోవాల్సి వస్తుంది.

పొలాలూ మట్టిగనులూ ఊరికి దూరంగా కట్టినప్పుడు పనివాళ్లు దొరకడం లేదని ఆట మొరపెడుతుంది. ఊళ్లో రెండొందల మంది నిరుద్యోగులున్నా సరే. ఆ భవనం నుంచి వచ్చే మనిషి ఏదో ఒక కాపురమున్న ఇంటి పక్కగా నడిస్తే తప్ప పనివాళ్లు చేరరు. పక్కన రెండు మూడు గుడారాలు వేస్తే సరిపోతుంది. ఆ గుడారాల్లోని పదిమందే పనిచేయాలని లేదు, లెక్క ఊరంతటికీ కలిపే. అక్కడొక ప్రిఫెక్చర్ పెట్టడం మాత్రం మరవకండి, గుడారాలు ఇట్టే అంటుకుంటాయి.

ఇక గోదాం గొడవ. ఒక్కో గోదాంలో సరుకు పెట్టే గళ్లు ఎనిమిది, గడికి ఒకే రకం సరుకు, నాలుగు బళ్ల లెక్క. మొత్తం 32. మట్టిగనులు రెండు, కుండల కొట్టు ఒకటే ఉందనుకోండి. కొట్టు వాడగా మిగిలిన మట్టి గోదాంలోకి పోతుంది. కొన్నాళ్లకి ఎనిమిది గళ్లూ మట్టే. తయారైన కుండలకి చోటుండదు. బండి తోసేవాడు నిండు బండితో కొట్టు ముందే నిలబడిపోతాడు, కొట్టు ఆగిపోతుంది, మార్కెట్లో కుండలు అయిపోతాయి, ఇళ్లు ఒక మెట్టు దిగుతాయి. దిగిన ఇంట్లో అంతమందికి చోటుండదు కాబట్టి మిగిలినవాళ్లు ఊరొదిలిపోతారు, పనివాళ్లు తగ్గుతారు. ఇంత గందరగోళానికీ మందు గోదాం మీద కుడి క్లిక్ చేసి మట్టి తీసుకోవద్దని ఆదేశం ఇవ్వడమే. ధాన్యాగారంలోనూ ఇంతే, గోధుమ నిండిపోతే కూరగాయలకి చోటు మిగలదు.

అసలు కొంప ముంచేది మాత్రం విల్లా, అంటే ఇన్సులా అనే మామూలు జనం ఇళ్ల మెట్లు దాటాక వచ్చే దొరల ఇల్లు. రెండు గళ్ల పొడవు, రెండు గళ్ల వెడల్పున్న గ్రాండ్ ఇన్సులాలో 84 మంది ఉంటారు. అందం, వసతులూ కుదిరి ఆ పేటకి వైన్ చేరగానే అది చిన్న విల్లా అవుతుంది, పట్టేది 40 మందినే. పైగా వాళ్లు దొరలు, పనిచేయరు. ఒక వీధి మొత్తం ఇలా మారితే పొలాలూ కొట్లూ ఒక్కసారిగా మూలపడతాయి. ఇళ్లు బాగుపడుతున్నాయని సంబరపడే లోపే ఊరు కుదేలవుతుంది. అందుకే వైన్‌ని వ్యాపార సలహాదారు దగ్గర నిల్వలో పెట్టించి, విల్లాల కోసం వేరే చిన్న పేట సిద్ధమయ్యాకే వదలండి. ప్రాస్పెరిటీ రేటింగ్ (ఊరి సంపదకి ఆట వేసే మార్కు) ఎక్కువ అడిగే మిషన్లలో విల్లాలు ఎలాగూ తప్పవు.

డబ్బు విషయంలో ఆట మరీ కఠినం కాదు. అప్పు 5000 దినారీల (ఆటలోని నాణేల) దాకా పోనిస్తుంది. కానీ అప్పులో ఉన్నంతకాలం చక్రవర్తి దయ తగ్గుతూనే ఉంటుంది, చివరికి మీ ఊరి మీదికే రోమన్ సైన్యం దిగుతుంది. మొదట్లోనే ఒక వ్యాపార మార్గం తెరిచి కుండలనో నూనెనో ఎగుమతి చేయండి, పన్నుల మీద బతకడం కష్టం. గవర్నర్ జీతం మీ హోదాకి మించి పెట్టుకున్నా రోముకి కోపమే. దేవుళ్లు ఐదుగురు: సెరెస్, నెప్ట్యూన్, మెర్క్యురీ, మార్స్, వీనస్. నలుగురికి గుళ్లు కట్టి ఒకరిని మరిస్తే ఆ ఒక్కరే పగబడతారు.

యుద్ధాలు బలహీనం. దళాల్ని వరసలో నిలబెట్టి ఎదురుచూడటం తప్ప అందులో ఎత్తుగడ పెద్దగా లేదు. శిక్షణ మిషన్లు దాటాక ప్రతిసారీ శాంతి ప్రాంతం, సైనిక ప్రాంతం అని రెండు చూపిస్తుంది, మొదటిసారి శాంతివైపే పోండి. ఊరిని బొమ్మరిల్లులా నచ్చినట్టు అలంకరించుకోవాలనే సరదా ఉన్నవాళ్లకి ఈ ఆట నచ్చదు. లెక్క తప్పితే ముఖం మీదే చెప్పే ఆట ఇది.

ఆన్‌లైన్ ఆటల దుకాణాలైన స్టీమ్‌లోనూ గాగ్‌లోనూ (GOG) దొరుకుతుంది. నేరుగా నడిపిస్తే పెద్ద తెరల మీద బొమ్మ సరిగ్గా ఉండదు. జూలియస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి అసలు ఆట ఫైళ్లున్న ఫోల్డర్ చూపిస్తే వెడల్పు తెర నిండా వస్తుంది, ఆట నియమాలు ఒక్కటీ మారవు, పాత సేవ్ ఫైళ్లు కూడా తెరుచుకుంటాయి. దాని నుంచే పుట్టిన ఆగస్టస్‌లో అయితే ఊరికే తిరిగే వాకర్లని ఆపే రోడ్‌బ్లాక్ ఉంది, గేట్‌హౌస్‌తో తిప్పలు పడక్కర్లేదు. కొత్తవాళ్లు ఆగస్టస్‌తో మొదలుపెట్టడమే మేలు. అందులో సేవ్ చేసిన ఊరు జూలియస్‌లో తెరుచుకోదు, కాబట్టి ఏదో ఒకటి ముందే తేల్చుకోండి.