ముఖానికి నలభై, చేతులకి డెబ్బై

పడుకుందామంటే మధ్యాహ్నం మా గ్రూపులోకొచ్చిన ఆ ఫొటో వదలట్లేదు. డెబ్బై దాటిన ఆవిడ ముఖం నున్నగా ఉంది, ఒక్క గీత లేదు. ఒళ్లో పెట్టుకున్న చేతులు మాత్రం నరాలు తేలి, వేళ్ల కణుపులు ఉబ్బి, ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ముఖానికి నలభై, చేతులకి డెబ్బై. కింద అందరూ "ఎంత బాగున్నారో!" అని రాశారు. ఇక నా మొహం ఎలా ఉండి ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఎవరూ కావాలని చేసి ఉండకపోవచ్చు. చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరాకి బ్యూటీ మోడ్ ముందే ఆన్ అయి ఉంటుంది. అది ముఖాన్ని గుర్తుపట్టి అక్కడి చర్మాన్నే మసకపరుస్తుంది, చేతుల జోలికి పోదు. సెట్టింగ్స్‌లో దాన్ని సున్నాకి దించితే సగం గొడవ తీరుతుంది. మిగతా సగం దూరంతో వచ్చేది. చేయి చాపినంత దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. కనీసం ఒకటిన్నర మీటరు వెనక్కి జరిగి, రెండు రెట్లు జూమ్ చేసి తీయాలి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (పెద్ద సెన్సారున్నది) అయితే 85 ఎం.ఎం. లెన్సు హాయి.

తొలితరం బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ 1867లో తీసిన ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ ఫొటో పదేపదే గుర్తొస్తోంది. అప్పటికాయనకి 75 ఏళ్లు. చీకటి నేపథ్యం, రేగిన తెల్లజుట్టు, వాలిన కనురెప్పలు, నుదుటి మీద ముడతలు. అన్నీ అలాగే ఉంచేసింది. ఆ ముఖం చూసి "ఎంత మేధావి!" అంటారే గాని, "అయ్యో, ముసలాడైపోయాడు" అని ఎవరూ అనరు. కామెరాన్ కెమెరా పట్టిందే 48 ఏళ్ల వయసులో. అలాంటామె ఆడవాళ్లని తీసేటప్పుడు మాత్రం ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లనే కూర్చోబెట్టింది. ముడతలు మగవాడికైతే అనుభవం, ఆడదానికైతే లోపం. ఈ తేడా ఫొటోగ్రఫీ చిన్నపిల్లగా ఉన్నప్పటిదే. అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఇమోజెన్ కనింగ్‌హామ్ తొంభై దాటాక, తన ఈడువాళ్లనే తీయడం మొదలుపెట్టిందని తలుచుకుంటే కాస్త ప్రాణం లేచొస్తుంది.

ఇంతవరకూ చదువుకుంటే, ముడతలన్నీ చూపించి తీరాలని వాదిస్తున్నట్టుంది. అదీ నాకు నచ్చదు. పక్కనుంచి గట్టి లైటు కొట్టి, బ్లాక్ అండ్ వైట్ చేసి, ఎడిటింగ్‌లో గీతల్ని కొట్టొచ్చినట్టు చూపించే క్లారిటీని అరవైకి లాగితే చర్మం బీటలువారిన నేలలా తయారవుతుంది. ఆ ఫొటోలో మనిషి ఉండదు, వయసొక్కటే ఉంటుంది. నున్నగా తుడిచేయడం ఎంత అన్యాయమో ఇదీ అంతే.

పెద్దవాళ్లకి మెత్తటి లైటు కావాలి, పెద్దది కావాలి. నాలుగడుగుల సాఫ్ట్‌బాక్స్‌ని (లైటు ముందు తెల్లగుడ్డ కట్టిన పెట్టెని) మీటరు దూరంలో, కంటి ఎత్తుకి కొంచెం పైన పెడితే చాలు. మరీ పైన పెడితే వాలిన రెప్పల కింద కళ్లు చీకట్లో పడిపోతాయి, కళ్లలో మెరుపు పోతుంది. కిందికి దించితేనేమో కళ్లజోడులో లైటు కనబడుతుంది. అప్పుడు లైటుని పక్కకి జరపాలి, లేదా కళ్లజోడు కాడల్ని చెవుల మీద రవ్వంత పైకెత్తితే అద్దాలు కిందికి వంగి ఆ మెరుపు తప్పుకుంటుంది. జోడు తీసేయమని మాత్రం అనకూడదు, రోజూ పెట్టుకునేవాళ్ల ముఖంలో అదీ భాగమే. తెల్లజుట్టు ఇట్టే తెల్లగా కాలిపోతుంది కాబట్టి ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుతురు, మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల స్టాపు (వెలుతురు కొలత) తగ్గించి, వెనక ముదురు రంగు ఉంచాలి. కెమెరా ట్రైపాడ్ మీద పెట్టి పక్కన నిలబడి మాట్లాడాలి. వినికిడి తగ్గినవాళ్లు మన పెదవులు చూసి అర్థం చేసుకుంటారు, కెమెరా వెనక దాక్కుంటే వాళ్ల ముఖం బిగుసుకుపోతుంది. కూర్చోడానికి చేతులున్న గట్టి కుర్చీ వేయాలి.

మరి ఫొటో దిగే ఆవిడే "కళ్లకింద నలుపు తగ్గించవా అమ్మా" అంటే? తగ్గించకూడదనే రాయబోయాను. కానీ ఆ ముఖం ఆవిడది. కాదనడానికి నేనెవర్ని? రెండు వారాల్లో పోయే గీరుడూ వాపూ తీసేస్తాం, పుట్టుమచ్చనీ పాత మచ్చనీ అడక్కుండా ముట్టుకోం. కళ్లకింద నలుపంటారా, ఎడిటింగ్‌లో రీటచ్ లేయర్ ఒపాసిటీ (దిద్దుబాటు ఎంత గాఢంగా కనబడాలన్నది) ముప్ఫై, నలభై శాతం దగ్గర ఆపితే ముఖం ముఖంలాగే ఉంటుంది. చేతుల నరాలు ఇబ్బందిగా ఉన్నాయంటే కంప్యూటర్ కూడా అక్కర్లేదు, తీసేముందు ఒక నిమిషం చేతులు గుండెకంటే పైకి ఎత్తి పెట్టుకుంటే అవే అణుగుతాయి.

ఫొటో ఎంచుకునేది కూడా ఆవిడే అవ్వాలి. ఇంట్లోవాళ్లు ముందే చూసి తీర్పు చెప్పేస్తే ఆవిడకి మిగిలేది తలూపడమే. ఫోన్ తెర మీద వేళ్లతో పెద్దది చేసి చూపిస్తే ఎవరికైనా ముడతలే కనిపిస్తాయి. 8×10 అంగుళాల ప్రింట్లు రెండు మూడు చేతికిచ్చి, చదువుకునే కళ్లజోడు తెచ్చుకునేదాకా ఆగి, ఏమీ అనకుండా కూర్చోవాలి. చాలామంది నవ్వుతూ పోజిచ్చింది పక్కన పెట్టి, ఏదో గట్టిగా వాదిస్తూ చెయ్యి ఊపుతున్నదే తీసుకుంటారు.