పోయినేడాది పారబోసిన ఆవకాయ, ఈ ఏడాది పెట్టిన ఆవకాయ

పోయినేడాది వినాయక చవితికి రెండ్రోజుల ముందు ఆవకాయ డబ్బా మూత తీస్తే పైన దూది పరిచినట్టు తెల్లగా బూజు. పైపైన తీసేసి వాడేద్దాం అన్నాడు మా ఆయన, కానీ గరిటె పెట్టి కదిపితే అడుగుదాకా అదే వాసన, ముక్క వేళ్ళతో పట్టుకుంటే జారిపోతోంది. ఎనిమిది కిలోలకి పైనే ఉంటుంది. అత్తమ్మ పడుకున్నాక రెండు కవర్లలో కట్టి పెట్టేసి పొద్దున్నే చెత్త ఆటోలో వేశా, ఆ అబ్బాయి ఏంటక్కా ఇంత బరువుంది అంటే పాత పప్పు పురుగు పట్టింది అని అబద్ధం చెప్పా. ఆవకాయ పారేశానని చెప్పడానికి నోరు రాలేదు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు, అత్తగారిది వరంగల్ వైపు. ఉండేది హైదరాబాద్‌లో సరూర్‌నగర్ దగ్గర అద్దింట్లో, రెండో అంతస్తు, పైన టెర్రస్ వాడుకోమని ఓనర్ ఆంటీ మంచి మనసుతో ఇచ్చారు. ఇద్దరు పిల్లలు, అత్తమ్మ, మేమిద్దరం. నేను ఉద్యోగం మానేశాక ఒక్క జీతమే, అందుకే కొనే పచ్చళ్ళు, వడియాలు, కారం పొళ్ళు అన్నీ ఆపేసి ఇంట్లోనే పెట్టుకుందాం అని మొదలుపెట్టా. మొదలుపెట్టిన మొదటి ఏడాదే పైన చెప్పిన సంగతి. అసలు ఆ డబ్బులకి ఏడాదంతా నెలకో అర కిలో సీసా కొనుక్కున్నా ఏమీ తేడా ఉండేది కాదు.

మూడు రోజులు మింగలేక కక్కలేక ఉండి చివరికి అమ్మకి ఫోన్ చేశా. అమ్మ తిట్టలేదు, పోలీసులు అడిగినట్టు ఒక్కోటి అడిగింది. ఏమే, కాయలు కడిగావా? కడిగా. తుడిచావా? గుడ్డతో తుడిచా. ఆరబెట్టావా? ఫ్యాను కింద ఓ పది నిమిషాలు. ఉప్పెంత వేశావు? ఆయనకి బీపీ కదా అని సగానికి తగ్గించా. నూనె? అదీ కొంచెం తగ్గించా, లీటరు నాలుగొందలు కదమ్మా. దేంట్లో పెట్టావు? బిస్కెట్ల ప్లాస్టిక్ డబ్బాలో. అక్కడికి అమ్మ ఓ నిమిషం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మరి పాడవక ఏమవుతుందే, నువ్వు పెట్టింది ఆవకాయ కాదు, మామిడికాయ కూర" అంది.

తర్వాత నిదానంగా చెప్పింది. ఉప్పు రుచి కోసం మాత్రమే కాదట, ముక్కలో నీళ్ళు బయటికి లాగేది అదే, ఆ ఊటలో ఉప్పు గట్టిగా ఉంటేనే బూజు బతకదు. నూనె పైన తేలితేనే ముక్కకి గాలి తగలదు. ఈ రెండిట్లో ఒకటి తగ్గించినా కష్టమే, నేను రెండూ తగ్గించా, పైగా తడి. బీపీ ఉన్నవాళ్ళు తినేటప్పుడు ఒక్క ముక్క వేసుకోవాలి గానీ జాడీలో ఉప్పు తగ్గించకూడదు అంది. ఇంత చిన్న విషయం నాకు ముందే ఎందుకు తట్టలేదో.

దాంతో ఈ ఏడాది ఫిబ్రవరి నుంచే మొదలుపెట్టా, ముందు చిన్నవాటితో చెయ్యి తిరగనిద్దాం అని. కొత్త చింతపండు రాగానే ఐదు కిలోలు తెచ్చి గింజలు, ఈనెలు తీసి, ఒక పూట ఎండబెట్టి, రాళ్ళ ఉప్పు కొంచెం చల్లి వత్తి పెట్టాం. దీంట్లో పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు, నడుం నొప్పి తప్ప. పిల్లలకి చింతగింజలు ఇస్తే వామనగుంటలు ఆడుకున్నారు, రెండు సాయంత్రాలు టీవీ అడగలేదు.

టెర్రస్ మీద మొక్కలు వేరే కథ. పాత పెయింట్ బకెట్లు, చేపల మార్కెట్‌లో పారేసే థర్మకోల్ డబ్బాలు, ఓ పది గ్రో బ్యాగులు. ఎర్రమట్టి, వర్మి కంపోస్ట్, కొంచెం వేపపిండి. గోంగూర, తోటకూర, బచ్చలి చక్కగా వస్తాయి, ఆకుకూరలు కొనడం దాదాపు మానేశాం. మిరప మాత్రం రెండుసార్లు పోయింది, ఆకుముడత. పుల్లటి మజ్జిగ కొట్టా, వేపనూనెలో సబ్బు నీళ్ళు కలిపి కొట్టా, వారం బాగుండి మళ్ళీ ముడుచుకుపోయేది, చివరికి పీకి పారేశా. బీర తీగకి పూలు విరగబూసి పిందె నిలవలేదు, సాయంత్రం పువ్వు విచ్చుకునే టైముకి మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకి అద్దమని అమ్మ చెప్తే అప్పట్నుంచి కాయలు పడ్డాయి, ఇప్పుడు మా పెద్దోడి డ్యూటీ అది, ట్యూషన్ నుంచి వచ్చి పైకి ఉరుకుతాడు. ఇంకో తెలివితక్కువ పని కూడా చేశా. నీళ్ళు ఆదా అని వాటర్ ఫిల్టర్ నుంచి వృథాగా పోయే నీళ్ళు మొత్తం మొక్కలకి పోశా, కొన్నాళ్ళకి తోటకూర ఆకుల అంచులు మాడినట్టయ్యాయి. ఆ నీళ్ళలో లవణాలు ఎక్కువుంటాయి మరి. ఇప్పుడవి బాత్రూమ్ కడగడానికి, ఇల్లు తుడవడానికి. మొక్కలకి బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు.

గోంగూర ఎక్కువొచ్చిన వారం నిలవ పచ్చడి పెట్టా. ఆకు కడిగి పాత చీర మీద రాత్రంతా నీడలో ఆరబోశాం. పొద్దున నాకు ఆరిపోయినట్టే అనిపించింది, అత్తమ్మ వచ్చి గుప్పెడు ఆకు చెంపకి ఆనించుకుని చూసింది. "ఇంకా సల్లగున్నది బిడ్డా, తడి పోలే" అంది. మధ్యాహ్నం దాకా ఆగాం. అప్పట్నుంచి నేనూ చెంపకే పెట్టుకుని చూస్తా, చేతికి తెలియని చెమ్మ చెంపకి తెలుస్తుంది. ఆ పచ్చడి రెండున్నర నెలలు ఉంది, పాడవలేదు, అయిపోయింది అంతే.

ఏప్రిల్‌లో వడియాలు. బూడిద గుమ్మడికాయ అమ్మ ఊరి నుంచి బస్సులో పంపింది. ముక్కలు సన్నగా తరిగి ఉప్పు, పసుపు వేసి గుడ్డలో మూటకట్టి పైన రోలు పెట్టేస్తే తెల్లారేసరికి నీళ్ళన్నీ కారిపోయాయి. మినప్పప్పు నీళ్ళు తక్కువ పోసి గట్టిగా రుబ్బాలి, పచ్చిమిర్చి అల్లం జీలకర్ర కలిపి టెర్రస్ మీద చీర పరిచి పెట్టాం. పావురాలతో యుద్ధం! పాత సీడీలు కట్టాం, పట్టించుకోలేదు. అత్తమ్మ గొడుగు వేసుకుని కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుంది, ఫోన్‌లో సీరియల్ చూస్తూ. రెండో రోజు సాయంత్రం మబ్బు పట్టి గాలి లేచింది, నేనూ పక్కింటి అక్కా చీర నాలుగు కొసలు పట్టుకుని పరిగెత్తాం, ఆ హడావిడిలో పావు వంతు ముద్దలైపోయాయి. అవి ఆ రాత్రే వేయించుకుని పప్పుచారులో తిన్నాం, పచ్చి వడియం అంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు. మిగతావి ఫ్యాను కింద పెట్టి మర్నాడు, ఆ మర్నాడు మళ్ళీ ఎండబెడితే గలగలమన్నాయి.

ఇక మే నెల, అసలు పరీక్ష. ఇక్కడే ఇంట్లో చిన్న పంచాయితీ. నాకు ఆవకాయంటే పప్పునూనె (అదే, నువ్వుల నూనె), ఆవపిండి, వెల్లుల్లి రెబ్బలు, కొన్ని శనగలు, అంతా పచ్చిగానే కలపడం. అత్తమ్మ వాళ్ళకి మామిడికాయ తొక్కంటే అల్లం ఎల్లిగడ్డ ముద్ద, మెంతి జీలకర్ర పొడి, పల్లి నూనె కాచి పోపు పెట్టి చల్లార్చి కలపడం. పోయినేడాది నా పద్ధతిలోనే పెట్టి పారబోశాను కాబట్టి నాకు మాట్లాడే మొహం లేదు (ఆ పారబోసిన సంగతి ఆవిడకి తెలిసిపోయింది లెండి, చెత్త ఆటో అబ్బాయి చెప్పాడో ఏమో). ఆవిడే అంది, "రెండు తీర్లు పెడ్దాం, ఏది ముందుగాల ఒడుస్తదో సూద్దాం" అని.

రైతుబజార్‌లో 20 కాయలు, పుల్లగా గట్టిగా ఉన్నవి, నొక్కితే రాయిలా ఉండాలి. అక్కడే కత్తిపీట వేసుకుని కొట్టేవాళ్ళుంటారు, కాయకి 5 రూపాయలు. కానీ వాళ్ళ కత్తి తడి, పీట తడి, పక్కనే బకెట్లో నీళ్ళు. అందుకని కాయలు ఇంటికి తెచ్చి కడిగి, ఒక్కోటి తుడిచి, మూడు గంటలు ఆరబెట్టి, మళ్ళీ మూటకట్టుకుని తీసుకెళ్ళి, వాళ్ళ పీట నా పొడి గుడ్డతో తుడిపించి కొట్టించా. అతను నవ్వుకున్నాడు, నవ్వుకోనీ. ఇంటికొచ్చి జీడి తీసి, టెంకకి అంటుకునే ఆ పల్చటి పొర గీకి, ప్రతి ముక్కా గుడ్డతో తుడిచాం, ఐదు కిలోల ముక్కలు, నలుగురం కూర్చుంటే రెండు గంటలు. టెంక లేని ముక్కలు అప్పటికప్పుడు పప్పుకి పక్కన పెట్టేశాం, అవి జాడీలో మెత్తబడతాయి.

ఆవాలు ముందురోజు ఎండబెట్టి మిక్సీలో ఆపి ఆపి కొట్టా, గిన్నె వేడెక్కితే పిండి చేదొస్తుంది. తర్వాత కొలత. అమ్మ లెక్క గ్లాసుల్లో, నాలుగు గ్లాసుల ముక్కలకి గ్లాసు కారం, గ్లాసు ఆవపిండి, గ్లాసు ఉప్పు. నేను ప్యాకెట్ మెత్తటి ఉప్పు గ్లాసు నిండా తీసి పోయబోతుంటే ఎందుకో అనుమానమొచ్చి ఫోన్ చేశా. "రాళ్ళ ఉప్పు ఎండబెట్టి దంపిన గ్లాసే నేను చెప్పింది, ప్యాకెట్‌ది కాదు" అంది. కిచెన్ స్కేల్ మీద రెండూ పెట్టి చూస్తే అదే గ్లాసుకి దంచిన ఉప్పు 200 గ్రాములు తూగింది, ప్యాకెట్‌ది 250 దాటింది. మెత్తటిది ఒత్తుగా కూరుకుంటుంది కదా. పోయినేడాది ఉప్పు తక్కువై చెడింది, ఈసారి కాస్తలో ఎక్కువయ్యేది. చిన్నప్పట్నుంచి చూసిన గ్లాసే, లోపల ఏముందో మాత్రం ఎప్పుడూ చూడలేదు.

జాడీలు రెండ్రోజుల ముందే కడిగి ఎండలో పెట్టాం. ఆవకాయ కలిపి, పైన ఓ గ్లాసు నూనె పోసి, గుడ్డతో వాసెన కట్టి మూలన పెట్టేశా. అత్తమ్మ తొక్కుకి పోపు నేనే పెట్టా, గోరువెచ్చగానే ఉందిలే అని పోయబోయా, గిన్నె లాక్కుంది. "సల్లారినంక పొయ్యాలె, ముక్క ఉడుకుతది" అని ఇంకో గంట కూర్చోబెట్టింది.

మూడో రోజు మూత తీసేటప్పుడు మా ఆయన కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. ఊట పైకొచ్చి ఎర్రగా, ఘాటు ముక్కుకి కొట్టింది. తిరగకలిపి, ఉప్పు చూసి, మిగిలిన నూనె పోసి ముక్కలు మునిగేలా నొక్కా. కలిపిన బేసిన్‌లో వేడన్నం వేసి కలిపి ముద్దలు పెడితే పిల్లలు కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటూనే ఇంకోటి ఇంకోటి అన్నారు. బీపీ మనిషికి ఒకటే ముద్ద.

ఖర్చు కూడా చెప్పేస్తా. రెండు పద్ధతులూ కలిపి నూనె, కారం, ఆవాలు, కాయలు, కొట్టించిన కూలీ అన్నీ చేరిస్తే 2,400 దాకా అయింది, పచ్చడి 11 కిలోలు వచ్చింది. అంటే కిలో దాదాపు 220. అందులో సగం నూనె ఖర్చే. మా వీధిలో షాపులో కాస్త బావుండే ఆవకాయ దీనికి రెట్టింపు పైనే. కానీ గోంగూర, తోటకూరల్లో మిగిలినంత దీంట్లో మిగల్లేదు నిజానికి, ఏడాదికి వడియాలు, పచ్చళ్ళు కలిపి చూసినా ఆకుకూరల లెక్కే ఎక్కువ. అది తెలిశాక ఈసారి ఇంకో నాలుగు థర్మకోల్ డబ్బాలు తెచ్చా.

వినాయక చవితి మళ్ళీ వచ్చింది. జాడీ మూత తీసే ముందు అత్తమ్మే వచ్చి వాసెన విప్పింది, నా చెయ్యి తడిగా ఉందేమోనని. పైన నూనె అద్దంలా ఉంది, ఏమీ లేదు. పక్కన ఆవిడ తొక్కు జాడీ మాత్రం అడుగంటింది, దసరాకి మిగలదు. ఏది ముందు ఒడుస్తదో చూద్దాం అన్న పందెం ఎవరు గెలిచినట్టో ఇంట్లో ఇంకా తేలలేదు, ముందు అయిపోవడం గొప్పా, నిలవుండటం గొప్పా అని.