సొరుగులో కాగితాలు, పిల్లల ప్రశ్నలు

ఇంట్లో పాత కాగితాలు సర్దేటప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న మనవాళ్ళందరికీ ఈ మాట గట్టిగా చెప్పాలనిపించి రాస్తున్నాను. మామూలుగా మనం ఏం చేస్తాం? వాళ్ళు స్కూలుకో స్విమ్మింగ్‌కో వెళ్ళినప్పుడు గబగబా సొరుగు బోర్లించి, పనికొచ్చేవి ఫైల్లో పెట్టేసి, మిగతావి ష్రెడ్డర్‌లో వేసేస్తాం. వాళ్ళు వచ్చేసరికి బల్ల ఖాళీగా కనిపిస్తుంది, అంతే. ఈ వేసవిలో మా అమ్మాయికి చదువుకోవడానికి చోటు కావాలని డెస్క్ ఖాళీ చేయడం మొదలుపెట్టాం. పదిహేనేళ్ళ అమ్మాయి, పదకొండేళ్ళ అబ్బాయి నా పక్కనే కింద కూర్చున్నారు. మా కుటుంబం ఇక్కడికి ఎలా వచ్చిందో, ఎన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చామో నేను ఎన్నిసార్లు కథలా చెప్పినా వినని పిల్లలు, ఆ కాగితాలు చేతిలోకి తీసుకున్నాక వాళ్ళంతట వాళ్ళే అడగడం మొదలుపెట్టారు.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. కరెంటు బిల్లులు, ఎప్పుడో పాడైపోయిన మిక్సీ వారంటీ కార్డులు, స్కూలు వాళ్ళు పంపిన పేపర్లు, ఇవన్నీ తీసేశాం. సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ బ్యాంకు ఖాతా నంబరు గానీ ఉన్నవి మాత్రం ష్రెడ్డర్‌కే వెళ్ళాలి, మామూలు చెత్తలో వేయకూడదు. ఆ పని మా అబ్బాయి ఇష్టంగా చేశాడు. టాక్స్ కాగితాలైతే ఐఆర్ఎస్ (ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ) లెక్క ప్రకారం మామూలుగా మూడేళ్ళు ఉంచితే చాలు, ఆదాయం బాగా తక్కువ చూపించిన సందర్భాల్లో ఆరేళ్ళు. ఇండియాలో మన ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా పదివేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని విదేశీ ఖాతాల రిపోర్టు వేస్తాం కదా, దానికి సంబంధించినవి ఐదేళ్ళు ఉంచాలి. కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను లెక్కల కాగితాలు, డబ్ల్యూ-2లు మాత్రం నేను ఒక్కటి కూడా పారేయను. రిటైరయ్యే నాటికి సోషల్ సెక్యూరిటీ లెక్కలో ఏదైనా ఏడాది తప్పిపోతే రుజువు అదే.

శుభలేఖల దగ్గర కాస్త ఆగిపోయాం. మూలలకి పసుపు రాసి, పైన వినాయకుడి బొమ్మతో ఇండియా నుంచి వచ్చినవి ఒక కట్ట ఉన్నాయి. "రీసైకిల్ బిన్‌లో వేసేయనా అమ్మా?" అని మా అబ్బాయి లేచాడు. కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగినదాన్ని, దేవుడి బొమ్మ ఉన్నదాన్ని చెత్త డబ్బాలో వేయడానికి నాకు చెయ్యి రాదు. అలాగని అన్నీ దాచుకోలేం. బొమ్మ ఉన్న భాగం కత్తిరించి పూజ గదిలో ఒక కవర్లో పెట్టి, మిగతా అట్ట రీసైకిల్‌లో వేశాం. పిల్లలకి ఇలాంటివి చెప్పేటప్పుడు "అలా చేయకూడదు" అని ఊరుకోకుండా, మనకి ఎందుకు మనసొప్పదో చెప్పి, ఆ తర్వాత దారి కూడా చూపిస్తే వాళ్ళు వింటారు. నేను చూసింది అదే.

అసలు మాటలు ఇమ్మిగ్రేషన్ ఫైలు దగ్గర మొదలయ్యాయి. ఐ-797లు (ఇమ్మిగ్రేషన్ వాళ్ళు పంపే అప్రూవల్ నోటీసులు), పాత పాస్‌పోర్టులు, వీసా స్టాంపులు, మా ఆయన చదువుకునేటప్పుడు స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20. ఇవి ఎంత పాతవైనా పారేయకండి. ఏళ్ళ తర్వాత సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు గత ఐదేళ్ళలో ఎప్పుడు దేశం దాటారు, ఎప్పుడు వచ్చారు అని తేదీలు అడుగుతారు. నేను అందుకే బోర్డింగ్ పాసులు కూడా ఒక కవర్లో ఉంచాను.

ఆ ఫైల్లోనే మా మేనత్త, మా పెదనాన్న చేసిన అఫిడవిట్లు ఉన్నాయి. నేను పుట్టింది తెనాలి దగ్గర పల్లెటూళ్ళో, ఇంట్లోనే. జనన మరణాల నమోదు చట్టం 1969 నుంచే ఉన్నా మా ఊళ్ళో ఇంటి దగ్గర పుట్టిన పిల్లల్ని రాయించిన వాళ్ళు తక్కువ. పదో తరగతి మెమోలో ఉన్న తేదీయే మాకు పుట్టిన తేదీకి రుజువు. గ్రీన్‌కార్డుకి అది సరిపోదు. ఆ ఏడాది రిజిస్టర్లో నా జననం నమోదు కాలేదని ఒక సర్టిఫికెట్, దానితోపాటు నేను పుట్టిన సంగతి స్వయంగా తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళ అఫిడవిట్లు పెట్టాం. ఫలానా ఊళ్ళో, ఫలానా తేదీన, ఫలానా దంపతులకి ఈ అమ్మాయి పుట్టింది, ఆ సమయంలో నేను ఆ ఇంట్లోనే ఉన్నాను అని స్టాంపు పేపరు మీద మా అత్తయ్య సంతకం చేసింది. మా అబ్బాయి అది రెండుసార్లు చదివి, "నువ్వు పుట్టావని ఎవరో ఒట్టేసి చెప్పాల్సి వచ్చిందా?" అని అడిగాడు. అవునన్నాను. వాడు తన బర్త్ సర్టిఫికెట్ తీసి పక్కన పెట్టి చూసుకున్నాడు. ఆసుపత్రి వాళ్ళు డిశ్చార్జికి ముందే పేరు అడిగి ఫారం నింపేశారు, ఆ తర్వాత సర్టిఫికెట్ వచ్చేసింది.

ఆ పేరు గురించీ ఒక కాగితం దొరికింది. మన దగ్గరైతే బారసాల దాకా పేరు ఆగుతుంది, ఇరవై ఒకటో రోజున బియ్యంలో రాస్తాం. ఇక్కడ అంత వ్యవధి ఉండదు కాబట్టి ఆసుపత్రి గదిలో నుంచే ఇండియాకి ఫోన్ చేసి, మా నాన్న నక్షత్రం చూసి చెప్పిన అక్షరాలు, మా అత్తగారు చెప్పిన పేర్లు మా ఆయన ఒక బిల్లు వెనకాల రాసుకున్నారు. కొట్టేసినవి, గుండ్రంగా చుట్టినవి, పక్కన ఇంగ్లీషులో స్పెల్లింగు రెండు మూడు రకాలు. అమ్మాయికి పెట్టాలనుకుని వదిలేసిన పేర్లు కూడా అందులో ఉన్నాయి. వాటిలో ఒకటి తనకి బాగా నచ్చిందట, ఎందుకు పెట్టలేదని నన్ను నిలదీసింది. పిల్లల కోసం ఎన్నో ఫోటోలు దాస్తాం గానీ, వాళ్ళ పేరు కోసం రెండు దేశాల్లో ఎంతమంది రాత్రంతా మేలుకున్నారో చెప్పే కాగితం అంతకంటే విలువైనది.

నాకు బాగా గుర్తుండిపోయేది నా మొదటి వర్క్ పర్మిట్ కార్డు గురించి జరిగిన మాట. నేను ఎమ్మెస్సీ చదివి, ఇండియాలో కాలేజీలో పాఠాలు చెప్పి, పెళ్ళయ్యాక హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, ఇక్కడికి వచ్చాను. హెచ్-4 వాళ్ళకి అప్పట్లో పని చేసే హక్కు లేదు. 2015 మే నెల నుంచి, భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయిన వాళ్ళకి అప్లై చేసుకునే వీలు కల్పించారు. ఆ ఏడాది వచ్చిన కార్డు అది. అమ్మాయి దాన్ని తిప్పి చూసి, "నువ్వు మా కోసం ఉద్యోగం వద్దనుకుని ఇంట్లో ఉన్నావనుకున్నాను" అంది. ఇన్నేళ్ళు తను అలా అనుకుంటోందని నాకు తెలియదు. వద్దనుకోవడం వేరు, చేయనివ్వకపోవడం వేరు. రెండూ ఒకేలా కనిపిస్తాయి బయటి నుంచి, మన పిల్లలకి కూడా. ఒక దేశంలో పుట్టిన వాళ్ళకి ఏడాదికి ఏడు శాతానికి మించి ఉద్యోగ గ్రీన్‌కార్డులు ఇవ్వరని, ఇండియా నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ కాబట్టి ఏళ్ళ తరబడి లైన్లో ఉంటారని, మేమూ అలా ఉన్నామని, ఆ టెన్షన్ మధ్యలోనే వాళ్ళిద్దరూ పుట్టారని చెప్పాను. అబ్బాయికి మరో సందేహం. "మనం అందరం ఒకే ఇంట్లో ఉన్నాం కదా, మరి మా కాగితాలు, మీ కాగితాలు వేరెందుకు?" పుట్టిన నేలతోనే వాళ్ళకి పౌరసత్వం వచ్చింది, మా చేతిలో ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టులే. ఇండియా వెళ్ళాలంటే వాళ్ళకి ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకి ఇండియా ఇచ్చే కార్డు) గానీ వీసా గానీ కావాలి, తిరిగి రావాలంటే మాకు గ్రీన్‌కార్డు కావాలి. నలుగురి కాగితాలూ నేల మీద పరిచి చూపిస్తే అప్పుడు అర్థమైంది వాడికి.

ఓసీఐ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నాను, చాలామంది ఇంకా పాత రూలే అనుకుంటున్నారు. 2021లో మార్చారు. పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ పిల్లలకి కొత్త ఓసీఐ కార్డు తీసుకోనక్కర్లేదు, ఇరవై ఏళ్ళు నిండాక వచ్చే కొత్త పాస్‌పోర్టుతో ఒక్కసారి తీసుకుంటే చాలు. ఆ లోపల పాస్‌పోర్టు మారినప్పుడల్లా కొత్తదాని కాపీ, ఫోటో ఆన్‌లైన్‌లో అప్‌లోడ్ చేయాలి, దానికి ఫీజు లేదు.

ఇక అడుగు సొరుగులో మా నాన్న పంపిన పొలం దస్తావేజుల జిరాక్సులు. ఇవి పిల్లలకి బోరు కొడతాయనుకున్నాను, కానీ ఎక్కువసేపు కూర్చున్నది వీటితోనే. వారాంతాల్లో తెలుగు బడికి వెళ్ళి గుణింతాలు నేర్చుకున్న అమ్మాయి, ఆ గొలుసుకట్టు రాతని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ముందు తూర్పు, పడమర దొరికాయి. తర్వాత సర్వే నంబరు, ఎకరాలు, సెంట్లు. తూర్పున పంటకాలువ, దక్షిణాన ఎవరి చేనో. తాతయ్యకి వీడియో కాల్ చేసి, ఆ కాలువ ఇప్పటికీ ఉందా, ఆ చేను వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు అని అడిగింది. మా నాన్న ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని, ఎవరు ఎవరికి అమ్మారో, ఏ తుపానుకి గట్టు తెగిందో గంటసేపు చెప్పారు. మనవరాలు ఆ చేతిరాత పత్రాలు చదువుతుందని ఆయన ఎప్పుడూ అనుకోలేదు.

ఉన్నట్టుండి అమ్మాయి అడిగింది, "ఇందులో ఒక్క ఆడవాళ్ళ పేరు కూడా లేదేంటమ్మా?" నిజమే. అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు, సరిహద్దుల్లో ఉన్నవాళ్ళు, సాక్షులు, అందరూ మగవాళ్ళే. నేను పుట్టానని సంతకం చేసిన మేనత్త పేరు ఆ ఇంటి ఆస్తి కాగితాల్లో ఎక్కడా లేదు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకీ సమాన హక్కు మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయిపోయిన వాళ్ళకి వర్తించదన్నారు. అత్తయ్య పెళ్ళి అంతకుముందే అయిపోయింది. పెళ్ళయిందా లేదా అన్న తేడా లేకుండా దేశమంతటా హక్కు వచ్చింది 2005 సెప్టెంబరు 9 నుంచి. అప్పటికే అన్నదమ్ముల మధ్య పంపకాలు రిజిస్టరై ఉన్నాయి. ఇది విని అమ్మాయికి కోపం వచ్చింది. నేను సర్దిచెప్పలేదు, ఆ కోపం న్యాయమైనదే. మన ఊరి మీద ప్రేమ నేర్పాలంటే మంచివే చెప్పి తక్కినవి దాచాలని నేను అనుకోను. అక్కడ ఏం జరిగిందో తెలిసినా ఆ ఊరు మనదే అనిపించాలి పిల్లలకి.

ఇంకొకటి కూడా వాళ్ళకి ఇప్పుడే చెప్పాను. మనలాంటి ఎన్నారైలు గానీ ఓసీఐ ఉన్న పిల్లలు గానీ ఇండియాలో వ్యవసాయ భూమి కొనలేరు, బహుమతిగా తీసుకోలేరు, వారసత్వంగా మాత్రం రావచ్చు. రేపు ఆ కాగితాలు వీళ్ళ చేతికే వస్తాయి. అప్పుడు చదవలేక ఎవరినో నమ్ముకునే కంటే ఇప్పుడు తాతయ్య ఉండగా చదవడం మేలు. స్కాన్ చేసి క్లౌడ్‌లో పెట్టాం సరే, కానీ స్కాన్‌లో పంటకాలువ పేరు ఉంటుంది గానీ దాని పక్కన నడిచిన మనిషి మాట ఉండదు. అందుకే ఒక్కో పత్రం కాపీ మీద తాతయ్య చెప్పినవి అమ్మాయి పెన్సిల్‌తో రాస్తోంది, తెలుగులో కొంత, రానిచోట ఇంగ్లీషులో.

చివరికి ఇద్దరికీ చెరో ఫైలు తయారైంది. బర్త్ సర్టిఫికెట్, సోషల్ సెక్యూరిటీ కార్డు, ఓసీఐ, టీకాల రికార్డు, పేర్లు రాసుకున్న ఆ బిల్లు జిరాక్సు. కాలేజీకి వెళ్ళేటప్పుడు చేతికిస్తాం. అసలు దస్తావేజులు తాతయ్య బీరువాలోనే ఉన్నాయి. వచ్చే వారం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కొత్త ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపించే పత్రం) తీయించి పంపుతానన్నారు. డిసెంబరులో ఊరెళ్తున్నాం, అబ్బాయి సర్వే రాళ్ళు చూస్తానంటున్నాడు, అమ్మాయి మా మేనత్త దగ్గర కూర్చుని నేను పుట్టిన రోజు ఇంట్లో ఎవరెవరున్నారో, అంతా వివరంగా అడిగి రికార్డ్ చేసుకుంటానంటోంది. అత్తయ్యకి ఫోన్లో చెప్తే, సంక్రాంతి దాకా ఉండేలా రమ్మంది.